సామాను మోసేవాడు వేరు, పూచీ మోసేవాడు వేరు

మళ్ళీ పెద్ద పోస్టే. ఓపిక లేనివాళ్ళు రాత్రి భోజనం అయినాక చదవండి, కానీ ఆదివారం కమిటీ మీటింగుకు ముందర చదవండి.

విషయం ఇది. ఈసారి ఉగాది సావనీరుకు ఒక ప్యాకర్స్ అండ్ మూవర్స్ కంపెనీవాళ్ళు వెనక అట్ట మీద ఫుల్ పేజీ ప్రకటన ఇస్తామన్నారు. పదహైదు వేలు. బదులుగా వాళ్ళు అడిగేది మూడు. ప్రకటన కింద 'మన సంఘం సిఫారసు చేసిన సంస్థ' అని ఒక వరస, దాని పక్కన సంఘం ముద్ర, సభ్యుల ఫోను నంబర్ల లిస్టు. సభ్యులు ఇల్లు మారితే బిల్లులో పది శాతం తగ్గిస్తారంట. కమిటీలో ఎక్కువమంది సరే అన్నారు. నేను వద్దన్నాను. 'అన్నా, మీరు అన్నిటికీ వద్దే అంటారు' అని ఒక తమ్ముడు అన్నాడు, అందరూ నవ్వినారు. నవ్వండి. ఎందుకు వద్దన్నానో అక్కడ రెండు నిమిషాల్లో చెప్పలేకపోయినాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఇంకొక మాట తీసేస్తాను. మన గ్రూపులో ఒక పెద్దాయన రాసినారు, 'ఇవన్నీ దొంగ కంపెనీలు, మన కాలంలో లారీ మాట్లాడుకొని మనమే ఎత్తుకోలేదా' అని. ఆయనతో కూడా నేను ఒప్పుకోను. మన కాలంలో ఏముండింది ఎత్తడానికి? రెండు ట్రంకు పెట్టెలు, ఒక ఇనప బీరువా, మంచం, పరుపుచుట్ట, ఒక గోనె సంచిలో వంట సామాను. రైల్వేలో మాకు ట్రాన్స్‌ఫర్ అయితే కిట్ పాసు ఇచ్చేవాళ్ళు, సామాను రైల్లోనే పోయేది. ఇప్పుడు పెరంబూరులో ఏ రెండు గదుల ఇల్లు చూసినా ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను, ఏసీ, గోడంత టీవీ, నీళ్ళ మెషీను, గ్రైండరు. ఎత్తేవాళ్ళకు అరవై దాటింది, పిల్లలు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉన్నారు. ఎవరు ఎత్తుతారు?

ఆ పిల్లకాయలు చేసే పని దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది అది ఒట్టి కూలి పని కాదని. పింగాణీ ప్లేట్లు పడుకోబెట్టరు, నిలబెట్టి సర్దుతారు, అప్పుడే కుదుపుకు పగలవు. పుస్తకాలు చిన్న పెట్టెలో, దిండ్లు పెద్ద పెట్టెలో. ముందు డోరు వాషింగ్ మెషీనుకు డ్రమ్ము ఊగకుండా వెనక బోల్టులు బిగించాలి, కొన్నప్పుడు వచ్చిన ఆ బోల్టులను మనం ఎప్పుడో పారేసి ఉంటాము. ఫ్రిజ్జును ముందు రోజే ఆపి, నీళ్ళు కారనిచ్చి, నిలువుగానే తీసుకపోవాలి. ఏసీ విప్పే ముందు గ్యాసును బయటి యూనిట్లోకి లాగి వాల్వు మూయాలి. ఇవి తెలిసినవాడు చేస్తే సామాను బతుకుతుంది. మంచం విప్పి, మరలన్నీ ఒక చిన్న కవర్లో వేసి ఆ మంచం కాలికే టేపు వేసి కట్టిన పిల్లవాణ్ణి నేను చూసినాను. ఒడిశా వాడు, ఇరవై ఏండ్లు కూడా ఉండవు. నలభై ఏండ్లు మూటలు చూసిన నాకే ఆ తెలివి రాలేదు. కాబట్టి దొంగలు దొంగలు అనొద్దు. ఆ పిల్లలకు నీళ్ళు ఇయ్యండి, టిఫిను పెట్టించండి.

కానీ నా తగాదా వాళ్ళతో కాదు. ఇల్లు మార్చే కంపెనీ అమ్మేది మూడు సరుకులు. ఒకటి కట్టడం. రెండు ఎత్తి, మోసి, దించడం. మూడు పూచీ, అంటే పోతే పగిలితే జవాబు చెప్పడం. మనవాళ్ళు మొదటి రెండింటికే బేరం ఆడతారు. మూడోదాన్ని అడగనే అడగరు. అడగలేదు కాబట్టి వాళ్ళు ఇయ్యరు. బెలూను కవరు ఎన్ని చుట్లు చుట్టినారని లెక్కపెట్టే మనిషి, సంతకం పెట్టే కాయితంలో విలువ అనే గడి ఖాళీగా ఉందని చూడడు.

నేను చాలా ఏండ్లు పార్సిల్ కౌంటర్లో కూర్చున్నవాణ్ణి. ఎవరు మూట తెచ్చినా అడిగే మాట ఒకటి ఉండేది, 'విలువ ఎంత రాయమంటారు?' విలువ చెప్పకపోతే, పోతే రైల్వే ఇచ్చేది బరువు లెక్కన ఒక చిన్న మొత్తమే. పట్టుచీర పోయినా పాత గోనె పోయినా కిలో లెక్కే. విలువ రాసి, ఎక్కువ విలువకు తగ్గ శాతం ఛార్జి కడితేనే రైల్వే ఆ విలువ దాకా పూచీ పడుతుంది. ఓనర్స్ రిస్క్, రైల్వే రిస్క్ అని రెండు రేట్లు. వందలో తొంభై మంది 'తక్కువది వేయండి సార్' అనేవాళ్ళు. నేను వేసేవాణ్ణి. తర్వాత పోయిందని ఏడుస్తూ వచ్చేదీ వాళ్ళే.

రోడ్డు మీద కూడా ఇదే కథ, చట్టం పేరే వేరు. 1865 నాటి క్యారియర్స్ చట్టం పోయి దాని జాగాలో 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం వచ్చింది, 2011 నుంచి అమల్లో ఉంది. డబ్బు తీసుకొని ఎవరి సరుకైనా మోసే సంస్థ రిజిస్టరు చేసుకోవాలి. సొంత లారీ లేని ఏజెంటూ, బ్రోకరూ కూడా అందులోకే వస్తారు. మనం ఫార్వర్డింగ్ నోటులో సరుకేమిటి, విలువెంత అని రాసియ్యాలి, వాళ్ళు గూడ్స్ రసీదు ఇయ్యాలి. ఎక్కువ విలువ అని ముందే చెప్పి దానికి తగ్గ రేటు కట్టలేదా, పోయినదానికి వాళ్ళ పూచీ ఫ్రైటుకు పది రెట్ల దాకానే. అదీ మనం నోటులో రాసిన విలువను మించదు. నష్టం గురించి బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల లోపల రాతపూర్వకంగా నోటీసు ఇయ్యకపోతే కోర్టుకు పోయే దారి కూడా మూసుకపోతుంది.

ఫ్రైటుకు పది రెట్లు అన్నచోట ఆగి బిల్లు చూడండి. మొత్తం ఇరవై ఆరు వేలు అనుకోండి. అందులో ఫ్రైటు అని రాసేది ఐదు వేలు. మిగిలింది ప్యాకింగు, కూలి, మాడి ఎక్కే ఛార్జి అని చీలుస్తారు. అట్లా చీల్చితే పూచీ కూడా ఆ ఐదు వేలను పట్టుకొనే ఉంటుంది. ఇక విలువ గడిలో మనం రాయకుండా వదిలేస్తే వాళ్ళే 'పాత ఇంటి సామాను, పదివేలు' అని రాసుకుంటారు. అయిపోయింది. ఒక సంసారం మొత్తం పదివేలు.

ఇరవై ఆరు వేలు ఊరికే రాసిన అంకె కాదు. మా అక్క బిల్లు అది.

బావ పోయినాక అక్క ఒంటరిగా ఉండలేక బెంగళూరులో కొడుకు ఇంటికి పోవాల్సి వచ్చింది. అక్క ఫోనులో ఎక్కడో ఇల్లు మారే సైటులో నంబరు ఇచ్చింది, అంతే, ఒక్క గంటలో తొమ్మిది కాల్స్. ఆ సైట్లవాళ్ళు మన నంబరును ఒకేసారి చాలా కంపెనీలకు అమ్ముతారని అప్పుడు మాకు తెలియదు. తొమ్మిదిలో ఒక అమ్మాయి చక్కని తెలుగులో మాట్లాడింది. 'అమ్మా, మీరేమీ ముట్టుకోవద్దు, అంతా మేమే చూసుకుంటాము' అనింది. అక్క కరిగిపోయింది. అరవై ఏండ్లుగా తమిళంలో బజారు చేసుకునే మనిషికి ఫోనులో తెలుగు వినపడితే ఎట్లుంటుందో మీకు చెప్పాలా? ఇల్లు చూడటానికి ఎవరూ రాలేదు. ఫోనులోనే పద్నాలుగు వేలు అన్నారు.

సామాను మొత్తం లారీలోకి ఎక్కినాక సూపర్వైజరు ఇంకొక కాయితం తీసినాడు. ప్యాకింగు 8,000, కూలి 6,000, రెండో మాడి ఛార్జి 2,500, ఆక్ట్రాయ్ 1,500, ఇన్సూరెన్సు 3,000, ఫ్రైటు 5,000. ఇంట్లో చాప కూడా లేదు, అంతా లారీలో ఉంది. కట్టకపోతే దించేది లేదు, కదిలేది లేదు. కట్టినాము. ఆక్ట్రాయ్, ఎంట్రీ టాక్సు 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడే పోయినాయి. వాడిన ఇంటి సామానుకు ఈ-వే బిల్లు కూడా అక్కరలేదు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఇన్సూరెన్సు అని మూడు వేలు తీసుకున్నారు కానీ ఏ ఇన్సూరెన్సు కంపెనీ పేరూ లేదు, పాలసీ నంబరూ లేదు. ఇన్సూరెన్సు అమ్మే హక్కు లైసెన్సు ఉన్న ఇన్సూరెన్సు కంపెనీలకే. మూవర్లు బిల్లులో రాసే ఎఫ్ఓవీ, రిస్కు ఛార్జి లాంటివి వాళ్ళకు వాళ్ళే చెప్పుకునే మాటలు, పాలసీ కాదు.

ఇక నా సంగతి. వేల మందిని 'విలువ ఎంత' అని అడిగినవాణ్ణి, ఆ రోజు లారీ పక్కన నిలబడి విలువ గడి ఖాళీగా ఉన్న కాయితం మీద అక్కతో సంతకం పెట్టించినాను. పొద్దున్నుంచి తిండి లేదు, లారీ రోడ్డుకు అడ్డంగా ఉంది, వెనక ఆటోలు హారన్ కొడుతున్నాయి. కారణాలు ఎన్ని చెప్పినా పెట్టించింది నేనే.

రేపు పొద్దున బెంగళూరులో ఉంటుందన్న సామాను ఆరో రోజు వచ్చింది. సుమారు 350 కిలోమీటర్లకు ఆరు రోజులు. ఎందుకంటే అది మన కోసం పెట్టిన లారీ కాదు. మన సామానును ఎక్కడో గోడౌన్లో దించి, నాలుగు ఇండ్ల సామాను చేరినాక ఇంకొక లారీలో ఎక్కించినారు. పార్ట్ లోడు అంటారు దీన్ని. పార్ట్ లోడు తప్పు కాదు, చవక కూడా, కానీ అది పార్ట్ లోడని మనకు ముందే చెప్పాలి. పోయినవి 31 నగలు, వచ్చినవి 29. నగ అంటే పార్సిల్ ఆఫీసు భాషలో ఒక పెట్టెనో మూటనో, బంగారం కాదు, మా అక్క కోడలు ఇది విని భయపడింది.

రాని రెండింటిలో ఒకటి దుప్పట్లు. రెండోది మా అమ్మ ఇత్తడి సామాను. గుండిగ, రెండు బిందెలు, చెంబులు. పాత్రల కొట్లో పేరు కొట్టిస్తారు కదా, అమ్మ అక్కడ పట్టుబట్టి తెలుగులో కొట్టించింది. కొట్టేవాడికి తెలుగు రాదు, అమ్మ కాయితం మీద రాసిస్తే చూసి బొమ్మ గీసినట్టు కొట్టినాడు. నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు నేను మొదట గుర్తుపట్టింది ఆ చెంబుల మీదనే. లిస్టులో దాని పేరు 'కిచెన్ బాక్స్ 1'. అంతే రాసి ఉంది. ఇత్తడి అని లేదు, ఎన్ని అని లేదు.

కంపెనీవాళ్ళు పాత ఇత్తడి కిలో లెక్కన రెండు వేలు ఇస్తామన్నారు, ఫోనులో. తర్వాత ఆ ఫోనే ఎత్తలేదు. 180 రోజులు దాటకముందే నేను రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపినాను. ఆ పని మాత్రం సరిగ్గా చేసినాను, రైల్వేలో కూడా క్లెయిముకు ఆరు నెలలే కాబట్టి అలవాటు. కవరు వెనక్కు వచ్చింది, ఆ అడ్రసులో ఎవరూ లేరని. నేనే పోయి చూసినాను. మూసిన షట్టరు, పక్కన సైకిల్ షాపు. షాపాయన 'ఇక్కడ మూడు కంపెనీల బోర్డులు మారినాయి సార్' అన్నాడు.

అందరూ అడుగుతారు, కన్సూమర్ కోర్టుకు పోలేదా అని. పోవచ్చు. 2019 చట్టం ప్రకారం కంపెనీ ఎక్కడున్నా మనం ఉండే చోటి జిల్లా కమిషన్లోనే ఫిర్యాదు ఇయ్యవచ్చు, రెండేండ్ల గడువు ఉంది, కట్టిన డబ్బు ఐదు లక్షల లోపల ఉంటే ఫీజు లేదు. బిల్లు వెనక చిన్న అక్షరాల్లో ఏదో దూరపు ఊరి కోర్టు పేరు చూసి భయపడవద్దు. 1915కు ఫోను చేసినా దారి చెబుతారు. కానీ నోటీసు అందుకోవడానికి ఎదురుగా ఒక మనిషి, ఒక అడ్రసు ఉండాలి కదా. షట్టరు మీద కేసు వేస్తే షట్టరు జవాబు చెప్పదు. అక్క కూడా 'వదిలేయరా' అనింది.

ఇప్పుడు మన సావనీరు సంగతికి వస్తాను. ఆ కంపెనీ ఈ కంపెనీ కాదు. వీళ్ళు మంచివాళ్ళే కావచ్చు, నేను కాదనలేదు. మంచివాళ్ళో కాదో తెలుసుకోవడానికి రెండు వారాల కింద నాలుగు కాయితాలు అడిగినాను. రవాణా శాఖ రిజిస్ట్రేషన్ సర్టిఫికెటు. జీఎస్టీ నంబరు. వాళ్ళు కస్టమర్‌తో సంతకం పెట్టించుకునే నోటు, రసీదు, ఖాళీవి ఒక్కో కాపీ. ఇన్సూరెన్సు పేరుతో డబ్బు తీసుకునేటట్లయితే ఏ కంపెనీ పాలసీ అనేదానికి రుజువు. వచ్చింది ఏమిటో కమిటీకి తెలుసు. రెండు విజిటింగ్ కార్డులు, ఒక క్యాలెండరు. క్యాలెండరు బాగుంది, వేంకటేశ్వరస్వామి బొమ్మ, మా ఇంట్లోనే తగిలించినాను.

పది శాతం తగ్గింపు అంటున్నారు. దేనిలో పది శాతం? రేటు కార్డు లేనప్పుడు పద్నాలుగు వేల పనికి పదహారు వేలు చెప్పి పది శాతం తగ్గిస్తే ఎవరికి లాభం? ఇల్లు చూసి, ప్రతి సామాను రాసి, ఇంత మొత్తం, దీనికి మించి ఒక్క రూపాయి అడగము అని సంతకం పెట్టి ఇస్తే అది రేటు. ఫోనులో చెప్పేది పాట.

ఇంకొక వాదం నన్ను నిజంగా బాధపెట్టింది. 'ఓనరు మన తెలుగాయనే అన్నా, మనవాణ్ణి మనం నమ్మకపోతే ఎట్లా' అని. అయ్యా, మా అక్క నమ్మింది కూడా తెలుగునే. ఇక్కడ తరతరాలుగా ఉన్నాము, బడిలో తెలుగు లేదు, ఆఫీసులో లేదు, బజారులో లేదు. అందుకే ఎవరైనా మన మాట మాట్లాడితే మనం కాయితం అడగడం మరచిపోతాము. అడిగితే అవమానించినట్లు అనుకుంటాము. ఓనరు తెలుగాయన కావచ్చు. లారీ ఆయనది కాదు, గోడౌన్ ఆయనది కాదు, ఎత్తే పిల్లలు ఆ రోజుకు పిలిచినవాళ్ళు. మధ్యలో తెలుగు ఎక్కడుంది? బిల్లు మీద కూడా లేదు.

సంఘం ముద్ర సంగతి వేరే. ఆ ముద్రను మనం ఇప్పటిదాకా పిల్లల స్కాలర్‌షిప్ ఉత్తరాల మీద, తెలుగు క్లాసు సర్టిఫికెట్ల మీద వేసినాము. దాన్ని చూసి నమ్మేది ఎవరు? కొడుకు విదేశంలో ఉండి, ఇక్కడ ఒంటరిగా ఇల్లు ఖాళీ చేసే డెబ్బై ఏండ్ల అమ్మలు. వాళ్ళు చట్టం చదవరు, ముద్ర చూస్తారు. రేపు ఒక అమ్మ సామాను గోడౌన్లో ఇరుక్కుంటే ఆమె ఫోను చేసేది కంపెనీకి కాదు, మన కార్యదర్శిగారికి. ఆయన ఏం చెబుతారు? ప్రకటన డబ్బు తీసుకున్నాము, పూచీ తీసుకోలేదు అంటారా? అంటే మనమూ ఆ కంపెనీ మాదిరే అయినాము.

ఫోను నంబర్ల లిస్టు ఇవ్వడం గురించి నేను వాదించను కూడా. మీ నంబరు మీది. ఇచ్చే హక్కు కమిటీకి ఎవరిచ్చినారు?

ప్రకటనను ప్రకటనగా వేసుకోండి, నాకు అడ్డం లేదు. స్వీటు షాపు ప్రకటన వేయడం లేదా, అట్లా. సిఫారసు అనే వరస తీసేయండి, ముద్ర తీసేయండి. అప్పుడు వాళ్ళు ఇయ్యమంటే పదహైదు వేలు పోతాయి, నిజమే. నా వంతుగా వెయ్యి ఇస్తాను. ఇంకా పద్నాలుగు మంది వస్తే సరిపోతుంది, నేను పిలిస్తే పన్నెండు మందైనా వస్తారని అనుకుంటున్నాను.

ఇల్లు మారబోయేవాళ్ళకు ఈలోపల నాలుగు మాటలు. గ్యాసు సిలిండరును లారీలో ఎక్కించుకోవద్దు, మంచి కంపెనీ ఎక్కించుకోదు కూడా. ఏజెన్సీలో సిలిండరు, రెగ్యులేటరు తిరిగి ఇచ్చి ట్రాన్స్‌ఫర్ వోచరు తీసుకోండి. నగలు, డబ్బు, ఇంటి పత్రాలు, పింఛను కాయితాలు మీ చేతి సంచిలోనే. ఆవకాయ జాడీని వాళ్ళు తీసుకోరు, తీసుకున్నా మీరు ఇయ్యొద్దు, నూనె కారితే పక్క పెట్టెలోని చీరలు పోతాయి. మీరే సర్దిన పెట్టెలో పగిలితే ఇన్సూరెన్సువాళ్ళు సాధారణంగా ఇయ్యరు కాబట్టి గాజు సామాను వాళ్ళతోనే సర్దించండి. టీవీ, ఫ్రిజ్జు పని చేస్తుండగా ఫోనులో వీడియో తీసి పెట్టుకోండి. దించినప్పుడు పగిలింది కనపడితే 'అంతా సరిగ్గా అందింది' అనే గడిలో సంతకం పెట్టకండి, పగిలింది ఏమిటో ఆ కాయితం మీదనే రాసి పెట్టండి. స్కూటరు వేరే రాష్ట్రానికి పోతే, అక్కడ పన్నెండు నెలలకు మించి ఉంచేటట్లయితే నంబరు మార్చుకోవాలి, దానికి ఇక్కడి ఆర్టీవో ఎన్ఓసీ ముందే తీసుకోండి.

అన్నిటికన్నా ముందు విలువ గడి. ఒక్కొక్క వస్తువుకు ఎదురుగా రూపాయల్లో రాయండి. పాత బీరువాకు కూడా. 'కిచెన్ బాక్స్ 1' అని రాస్తే ఒప్పుకోవద్దు, లోపల ఏముందో రాయించండి.

ఆదివారం పదింటికి మీటింగు. కంపెనీవాళ్ళు ఆ నాలుగు కాయితాలు తెస్తే నా మాట వెనక్కు తీసుకుంటాను, ముద్రను బీరువాలోనుంచి నేనే తెచ్చి కార్యదర్శిగారి చేతికి ఇస్తాను. మా అక్క బిల్లు, వెనక్కు వచ్చిన కవరు జిరాక్సు తీసి తెస్తున్నాను, చూడాలనుకున్నవాళ్ళు చూడవచ్చు. ఈ రెండు నెలల్లో ఇల్లు మారేవాళ్ళు ఎవరైనా ఉంటే, కంపెనీ మనిషి సర్వేకు వచ్చే రోజు నాకు చెప్పండి, పక్కన కూర్చొని లిస్టు నేను రాసిస్తాను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాత్రం పిలవకండి.